పాయింట్లకి పారిస్ ఫ్రెంచ్, పలకరింపుకి క్యుబెక్ ఫ్రెంచ్

అమీర్‌పేటలో ఒకప్పుడు ఎటు చూసినా జావా, ఒరాకిల్ బోర్డులే. తర్వాత పైథాన్ వచ్చింది, డేటా సైన్స్ వచ్చింది. ఇప్పుడు వాటి మధ్యలో "టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా, బీ2 గ్యారంటీ" అని ఫ్రెంచ్ పరీక్షల కోచింగ్ ఫ్లెక్సీలు కూడా వేలాడుతున్నాయి. గ్యారంటీ సంగతి నమ్మకండి. మిగతాది మాత్రం నిజం. మా బ్యాచ్‌లో ఫ్రాన్స్‌కి వెళ్లాలని ఫ్రెంచ్ నేర్చుకుంటున్నవాళ్లు ఒక్కరు కూడా లేరు. అందరిదీ కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) బాధే. నేనూ ఆ బాపతే.

తెలియనివాళ్ల కోసం లెక్క చెప్తాను. కెనడాలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అని పాయింట్ల పద్ధతి ఉంది. వయసు, చదువు, అనుభవం, ఇంగ్లిష్ అన్నీ కలిపి స్కోరు వేస్తారు. ఎక్కువ స్కోరున్నవాళ్లని విడతలవారీగా పిలుస్తారు, ఆ విడతనే డ్రా అంటారు. నాకూ మా ఆయనకీ ముప్పై దాటాక ఏటా పుట్టినరోజుకి కొన్ని పాయింట్లు ఊడిపోతూ వచ్చాయి. మామూలు డ్రాల్లో కటాఫ్ ఐదొందలు దాటి కూర్చుంది. 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి వేరే డ్రాలు మొదలుపెట్టారు. 2024 ఫిబ్రవరి 29న జరిగిన ఫ్రెంచ్ డ్రాలో కటాఫ్ 336. ఆ అంకె మా కంపెనీ క్యాంటీన్‌లో ఎంత గగ్గోలు పుట్టించిందో చెప్పలేను. నేను పనిచేసేది ఫార్మా కంపెనీ క్వాలిటీ డాక్యుమెంటేషన్‌లో. రోజంతా కాగితాల్లో తప్పులు పట్టే ఉద్యోగం. ఆ వారం మాత్రం అందరూ ఫ్రెంచ్ క్లాసుల ఫీజుల వివరాలు పట్టారు.

చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగింట్లోనూ ఎన్సీఎల్సీ అనే కెనడా ఫ్రెంచ్ కొలతలో 7 రావాలి, అంటే యూరప్ లెక్కలో దాదాపు బీ2 స్థాయి. ఇంగ్లిష్ కూడా ఓ మోస్తరుగా ఉంటే పైన 50 పాయింట్లు అదనం. ఇంత చేసి చివర్లో ఒక మెలిక ఉంది. కెనడాలో ఫ్రెంచ్ అంటే అందరికీ గుర్తొచ్చేది క్యుబెక్ రాష్ట్రం, అక్కడ పదిలో ఎనిమిది మందిది ఫ్రెంచే. కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వెళ్లేవాళ్లు క్యుబెక్‌లో స్థిరపడతామంటే కుదరదు. 1991లో కేంద్రంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం క్యుబెక్ తనకి కావాల్సిన వలసదారుల్ని తనే ఎంచుకుంటుంది, దాని దారి వేరు. అంటే మేం ఫ్రెంచ్ నేర్చుకునేది ఫ్రెంచ్ రాష్ట్రం తప్ప మిగతా కెనడాలో ఉండడానికి! మా ఆయనకి ఇది చెప్పినప్పుడు "అయితే ఇంకెందుకే ఈ పాట్లు" అన్నాడు. ఎందుకంటే ఒంటారియోలో, మానిటోబాలో, న్యూ బ్రన్స్‌విక్‌లో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు తగ్గిపోకుండా చూసుకోవాలని కేంద్రానికి ఉంది. మనం ఆ లెక్కలోకి వస్తాం.

ఇంకో విచిత్రం పరీక్షలది. ఇంగ్లిష్‌కి కెనడాలోనే తయారైన సెల్పిప్ పరీక్ష ఒకటి ఉంది. ఫ్రెంచ్‌కి ఒప్పుకునే రెండూ ఫ్రాన్స్‌వే. టెఫ్ పెట్టేది పారిస్ వాణిజ్య మండలి. టీసీఎఫ్ పెట్టేది ఫ్రాన్స్ విద్యాశాఖ కింద ఉన్న సంస్థ. కాబట్టి కోచింగ్ అంతా పారిస్ ఫ్రెంచ్‌లోనే నడుస్తుంది. అక్కడే నాకు చిక్కొచ్చింది.

మొదట చేరిన కోచింగ్‌లో (పేరు అనవసరం) ఒక సార్ ఉండేవాడు. గ్రామర్ బాగానే చెప్పేవాడు. ఒకరోజు ఎవరో మాంట్రియల్ వార్తల వీడియో చూపిస్తే, "దాన్ని వినకండి, మీ ఫ్రెంచ్ పాడైపోతుంది. అది చెడిపోయిన ఫ్రెంచ్, పల్లెటూరి ఫ్రెంచ్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మాది సూర్యాపేట పక్కన పల్లె. ఇంటర్‌కి హాస్టల్లో చేరినప్పుడు "గట్లనా", "ఏడికి వోతున్నవ్" అంటే చాలు, "ఇది తెలుగేనా" అని నవ్వినవాళ్ల మధ్య రెండేళ్లు గడిపాను. ఆ నవ్వు ఎక్కడ విన్నా గుర్తుపడతాను. నవ్వించేవాళ్లకి భాష గురించి తెలిసింది ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఆ కోచింగ్ మానేయడానికి ఫీజు, దూరం లాంటి కారణాలు కూడా ఉన్నాయిలెండి, అన్నీ ఆయన మీదకి తోయను.

ఇప్పుడు చెప్పే మేడమ్‌ది యానాం. పెళ్లయి హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తెలుగు గోదావరి యాసలో, ఫ్రెంచ్ పుస్తకంలో అచ్చేసినట్టు మాట్లాడతారు. నేను ఈ చెడిపోయిన ఫ్రెంచ్ మాట ఎత్తితే ఆవిడ పాఠం పక్కనపెట్టి 1763కి వెళ్లిపోయారు.

ఆ కథ మనకి బాగా దగ్గరది. 1750ల్లో ఇక్కడ నిజాం దగ్గర ఫ్రెంచి సేనాని బుస్సీ చక్రం తిప్పుతున్నాడు. ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి. అదే సమయంలో ఉత్తర అమెరికాలోనూ ఫ్రెంచి, ఇంగ్లిషువాళ్ల మధ్య కొట్లాటే. 1759 ఏప్రిల్‌లో ఇక్కడ మచిలీపట్నం పోయింది. సెప్టెంబర్‌లో అక్కడ క్యుబెక్ నగరం పోయింది. చివరికి 1763లో పారిస్‌లో సంధి. ఆ సంధిలో పాండిచ్చేరి, యానాం, కారైకాల్, మాహే లాంటి చిన్న చిన్న స్థావరాలు ఫ్రాన్స్‌కి తిరిగొచ్చాయి, అంత పెద్ద కెనడా ఇంగ్లిషువాళ్లకి వెళ్లిపోయింది. "మా యానాం మిగిలింది, వాళ్ల క్యుబెక్ పోయింది. కానీ చూడమ్మా, 1954 దాకా ఫ్రెంచివాళ్లే ఏలిన మా ఊళ్లో జనం మాట్లాడింది తెలుగు. వదిలేసి పోయిన క్యుబెక్‌లో ఈరోజుకీ ఫ్రెంచే" అన్నారు మేడమ్. నాకు తట్టిన కారణం సులువే. యానాంకి ఫ్రెంచివాళ్లు అధికారులుగా వచ్చారు. క్యుబెక్‌కి రైతులుగా, కుటుంబాలుగా వెళ్లారు. 1608లో క్యుబెక్ నగరం పుట్టాక నార్మండీ, ప్వాతూ, పారిస్ చుట్టుపక్కల నుంచి జనం ఓడలెక్కారు. 1663 నుంచి పదేళ్లలో పెళ్లికాని ఆడపిల్లల్ని దాదాపు ఎనిమిది వందల మందిని రాజుగారి ఖర్చు మీద పంపారు. ఈరోజు అక్కడ మాట్లాడే భాషకి వాళ్లే అమ్మమ్మలు.

హైదరాబాద్‌లో ఆ కాలపు ఫ్రెంచివాళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. నేను రోజూ మెట్రోలో దాటే మూసారాంబాగ్ పేరు, నిజాం సైన్యానికి తుపాకులు, ఫిరంగులు చేయించిన రేమండ్ నుంచి వచ్చిందని చెబుతారు. మొస్యే రేమోఁ మన నోట్లో పడి మూసారాం అయ్యాడు. ఆయన సమాధి ఆ పక్క గుట్ట మీదే ఉంది. ఆయన పుట్టింది 1755లో. అదే ఏడు కెనడా తూర్పు తీరంలో అకాడియన్లు అనే ఫ్రెంచి రైతుల్ని ఇంగ్లిషువాళ్లు ఊళ్లు తగలబెట్టి మరీ ఓడలెక్కించి తరిమేశారు. వాళ్లలో కొందరి సంతతే అమెరికాలో లూసియానా చేరి కేజన్లు అయ్యారు. కొందరు తిరిగొచ్చి ఇప్పటి న్యూ బ్రన్స్‌విక్‌లో స్థిరపడ్డారు.

సరే, చెడిపోయిన ఫ్రెంచ్ సంగతికొద్దాం. క్యుబెక్ పెద్దవాళ్లు 'మ్వా, త్వా' (నేను, నువ్వు) అనాల్సిన చోట 'మ్వే, త్వే' అంటారు. పారిస్‌వాళ్లకి అది మొరటుగా వినిపిస్తుంది. మేడమ్ చెప్పిందేమిటంటే విప్లవానికి ముందు రాజుగారి కొలువులో కూడా అలాగే పలికేవాళ్లట. రాజుని 'ర్వే' అనేవాళ్లు. 1789 తర్వాత పారిస్‌లో సామాన్యుల 'ర్వా' పైకొచ్చింది. అప్పటికే కెనడాకి ఫ్రాన్స్‌తో రాకపోకలు తెగిపోయి పాతికేళ్లు. మారింది పారిస్. పాతదాన్ని అంటిపెట్టుకున్నది క్యుబెక్. అలాంటప్పుడు చెడిపోయింది ఎవరిదంటారు?

భోజనాల పేర్లూ ఇంతే. పారిస్‌లో పొద్దున తినేది 'ప్తి దెజునే', మధ్యాహ్నం 'దెజునే', రాత్రి 'దీనే'. క్యుబెక్‌లో పొద్దున 'దెజునే', మధ్యాహ్నం 'దీనే', రాత్రి 'సూపే'. ఇది పాత వరస. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో కూడా ఇంకా ఇలాగే అంటారు. ఎవరైనా 'దీనే'కి రమ్మంటే ఏ ఊరివాళ్లో ముందు కనుక్కోండి, లేకపోతే వాళ్లు అంట్లు తోముకునే వేళకి చేరతారు.

మా పిన్ని కొడుకు గాటినోలో ఉంటాడు. ఒట్టావాలో చదువుకోవడానికి వెళ్లి, అద్దెలు తక్కువని నది దాటి క్యుబెక్ వైపు ఇల్లు తీసుకున్నాడు. వీడియో కాల్‌లో నేను పొందిగ్గా 'బోఁజూర్, కొమొఁ అలే వూ' (నమస్కారం, మీరెలా ఉన్నారు) అంటే పగలబడి నవ్వుతాడు. "అక్కా, ఇక్కడ నువ్వు అలా మాట్లాడితే కోర్టు నోటీసు చదివినట్టుంటుంది" అని వాడి గోల. ఒకసారి వాడితో పనిచేసే అబ్బాయి పక్కన ఉంటే ఫోన్ ఇచ్చాడు. ఆ అబ్బాయి ఏదో అడిగాడు. నాకు వినబడింది 'త్సు వు త్సు ఆఁ కఫే', అంటే కాఫీ కావాలా అని. నిజంగానే నాకు కాఫీ ఇస్తాడా ఏంటి, వాడు పక్కనున్న మా తమ్ముణ్ని అడుగుతున్నాడు.

ఆ ఒక్క వాక్యంలో నాకు రెండు సంగతులు దొరికాయి. ఒకటి శబ్దం. పారిస్‌లో 'త్యు' (నువ్వు) అనేది క్యుబెక్‌లో 'త్సు' అవుతుంది. 'దీర్' (చెప్పడం) అనేది 'ద్జీర్', మంగళవారం 'మార్ది' కాస్తా 'మార్ద్జి'. త, ద తర్వాత ఇ గానీ ఆ మూతి సున్నా చుట్టి పలికే ఉ గానీ వస్తే చాలు, మధ్యలో స, జ దూరిపోతాయి. మా బ్యాచ్‌లో హిందీ వాళ్లకి ఇది పలకడం యాతన. మనకేం కష్టం? చుక్కలో 'చు', జున్నులో 'జు' మనం పలికేది అలాగే కదా. చీమలో చ వేరు, చుక్కలో చ వేరు. పాత నిఘంటువుల్లో ఈ రెండో చ మీద చిన్న గుర్తు పెట్టి మరీ తేడా చూపించేవాళ్లు. కాకపోతే మన నోట్లో అది అ, ఉ, ఒ ముందు వస్తుంది, వాళ్ల నోట్లో ఇ, ఆ సున్నా చుట్టిన ఉ ముందు వస్తుంది. అది ఒక్కటి అలవాటు చేసుకుంటే సరి. 'చుక్క' అనుకుంటూ ఆ చు దగ్గర ఆగి, పెదాలు ఇంకాస్త ముందుకి చాపి 'త్సు' అనండి. మేడమ్ ముందు అలా పలికితే ఆవిడ కళ్లజోడు పైనుంచి చూశారు, కానీ దిద్దలేదు.

రెండోది ప్రశ్న. ఫ్రెంచ్‌లో ప్రశ్న వేయడానికి పుస్తకం మూడు పద్ధతులు నేర్పిస్తుంది. 'ఎస్ కె' అని ముందు తగిలించడం, క్రియని తిరగేయడం, లేదా గొంతు పెంచి ఊరుకోవడం. క్యుబెక్‌లో నాలుగోది ఉంది. క్రియ చివర ఒక 'త్సు' అంటించేస్తారు. నువ్వు అనే మాటలాగే వినిపిస్తుంది గానీ దానికి నువ్వు అనే అర్థం లేదు, అది వట్టి ప్రశ్న గుర్తు. 'సా వా త్సు' అంటే బాగుందా. సినిమా బాగుందా అన్నా, వాడొస్తాడా అన్నా అదే త్సు. మనం వస్తావు అని చెప్పి చివర 'ఆ' పెడితే వస్తావా అయినట్టు. ఇంగ్లిష్ మీదుగా ఫ్రెంచ్ నేర్చుకునేటప్పుడు ప్రశ్నలన్నీ తలకిందులుగా ఉండి ప్రాణం తీశాయి. ఇదొక్కటి మాత్రం తెలుగులోంచి నేరుగా వచ్చేసింది. బాధేంటంటే పరీక్షలో ఇది వాడితే పనికిరాదు.

నువ్వు, మీరు సంగతి కూడా ఉంది. టెఫ్ మాట్లాడే పరీక్షలో రెండు భాగాలు. మొదటిదాంట్లో ఒక ప్రకటన చూపిస్తారు. ఫోన్ చేసి వివరాలు కనుక్కుంటున్నట్టు ఐదు నిమిషాలు ప్రశ్నలు వేయాలి, అంతా 'వూ' (మీరు). రెండోదాంట్లో ఎదుటివాళ్లు మన స్నేహితులు అనుకుని పది నిమిషాలు ఏదో ఒక దానికి ఒప్పించాలి, అంతా 'త్యు'. పరీక్ష పెట్టే మనిషి ఒకరే! ఇప్పటిదాకా మీరు మీరు అన్న మనిషిని మరుక్షణం నువ్వు అనాలి. మా బ్యాచ్‌లో కోస్తా వాళ్లు ఇక్కడ తడబడతారు. మా ఇంట్లో నాన్నని కూడా నువ్వనే పిలుస్తాం, ప్రేమ తక్కువై కాదు. నాకు ఆ మార్పు కష్టం కాలేదు. క్యుబెక్‌లో కూడా షాపువాళ్లు, ఆఫీసులో పైవాళ్లు పారిస్‌తో పోలిస్తే తొందరగా నువ్వులోకి దిగిపోతారని మా తమ్ముడు చెప్తాడు.

ఇక ఇంగ్లిష్ మాటల తగువు. పారిస్ వాడు హాయిగా 'వీకెండ్', 'పార్కింగ్', 'షాపింగ్' అంటాడు. క్యుబెక్‌లో 'ఫాఁ ద సెమెన్', 'స్తస్యొన్‌మాఁ', 'మగాజినాజ్'. ఫ్రాన్స్ రోడ్ల మీద ఎర్ర బోర్డు మీద స్టాప్ అనే ఉంటుంది, క్యుబెక్‌లో 'అరే'. ఫ్రాన్స్‌లో కేఎఫ్‌సీని కేఎఫ్‌సీ అనే అంటారు, క్యుబెక్‌లో మాత్రం అది పీఎఫ్‌కే, పూలే ఫ్రీ కెంటకీ. చుట్టూ ఇంగ్లిష్ సముద్రం ఉంటే ఆ మాత్రం పట్టుదల లేకపోతే కష్టమే. 1977లో 101వ చట్టం చేసి ఆఫీసులు, బోర్డులు, వలస వచ్చినవాళ్ల పిల్లల బడులు అన్నిట్లో ఫ్రెంచ్ తప్పనిసరి చేశారు. 2022లో ఇంకా బిగించారు. 2017లోనైతే మాంట్రియల్ షాపుల్లో 'బోఁజూర్, హాయ్' అనే పలకరింపు మానేసి ఒక్క 'బోఁజూర్' అనండని శాసనసభ తీర్మానమే చేసింది. మన దగ్గర తెలుగు బోర్డుల కోసం జీవోలు రావడం, అవి ఫైల్లో పడుకోవడం చూసిన నాకు వాళ్ల పద్ధతి మీద కాస్త అసూయ ఉంది, దాపరికం ఎందుకు.

అలాగని వాళ్ల నోట్లో ఇంగ్లిష్ లేదనుకోకండి. 'సె ల ఫన్' అంటారు సరదాగా ఉందనడానికి. బాయ్‌ఫ్రెండ్ 'చమ్'. థాంక్స్ చెబితే ఫ్రాన్స్‌లో 'ద ర్యాఁ' అంటారు, వీళ్లు 'బ్యాఁవెన్యు' అంటారు. అది యూ ఆర్ వెల్‌కమ్‌కి ఫ్రెంచ్ చొక్కా తొడగడమే. బోర్డు మీద రాసే భాష వేరు, నోట్లో నలిగే భాష వేరు. తిట్లు మాత్రం చాలావరకు సొంత సరుకే. ప్రభువు భోజనం రొట్టె, గిన్నె, గుడారం లాంటి చర్చి వస్తువుల పేర్లే వాళ్ల బూతులు. వందల ఏళ్లు పాదిరీల పెత్తనం కింద ఉన్న కసి అది. ఆ పాఠం మేడమ్ చెప్పలేదు, మా తమ్ముడు చెప్పాడు, పిన్నికి తెలియకుండా.

అకాడియన్ల ఫ్రెంచ్ ఇంకోలా ఉంటుంది. మాకు ఇదే అసలు ముఖ్యం, ఎందుకంటే న్యూ బ్రన్స్‌విక్ ఒక్కటే కెనడాలో రెండు భాషలూ అధికార భాషలుగా ఉన్న రాష్ట్రం, క్యుబెక్ బయట ఫ్రెంచ్‌తో బతకాలంటే మంచి చోటు. వాళ్లు 'త్సు' అనరు. మాంక్టన్ కుర్రాళ్లు మాట్లాడేదాన్ని 'షియాక్' అంటారు. ఇంగ్లిష్ క్రియ తీసుకుని దానికి ఫ్రెంచ్ తోక తగిలిస్తారు, 'పార్కే' అంటే కారు పార్క్ చేయడం. "బండి పార్క్ చేసి లిఫ్ట్‌లో వస్తున్నా" అనే హైదరాబాద్ మనిషికి దీంట్లో ఆశ్చర్యపోయేదేముంది?

ఇదంతా విని మా బ్యాచ్‌లో అడిగే ప్రశ్న ఒక్కటే: మరి ఏ ఫ్రెంచ్ నేర్చుకోవాలి? పరీక్ష అయ్యేదాకా పారిస్‌దే. టెఫ్ రాసే పరీక్షలో సగం వార్త ఇచ్చి పూర్తి చేయమంటారు, తర్వాత పత్రికకి ఉత్తరం రాయమంటారు, అక్కడ క్యుబెక్ మాటలు పొదగాల్సిన పనిలేదు. కానీ చెవికి మాత్రం మొదటి నుంచీ రెండూ వినిపించండి. నేను మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి బాలానగర్ దాకా రేడియో కెనడా వింటాను. మొదట్లో ఒక్క ముక్క పట్టుబడేది కాదు. వాళ్లు 'జ స్వీ' (నేను ఉన్నాను)ని 'ష్యు' అనీ, 'జ న సే పా' (నాకు తెలియదు)ని 'షే పా' అనీ మింగేస్తారని తెలిశాక వాక్యాలు విడిపోవడం మొదలైంది. వాతావరణ వార్తలతో మొదలుపెట్టండి, అవే మాటలు రోజూ వస్తాయి. చలి ఎంతుంటుందో కూడా తెలిసిపోతుంది, అప్పుడు ఈ పీఆర్ కావాలో వద్దో ఇంకోసారి ఆలోచించుకోవచ్చు.

చివరగా ఒకటి, ఆడవాళ్లకి ముఖ్యంగా, ఎందుకంటే పిల్లల గురించి ముందు అడిగేది మనమే. ఫ్రాన్స్‌లో పిల్లల్ని చనువుగా 'గోస్' అంటారు. పుస్తకంలో కూడా ఉంటుంది. క్యుబెక్‌లో ఎవరినైనా "మీ గోస్ బాగున్నాయా" అని అడిగారో, మగవాడి దగ్గర అడగకూడని చోటు గురించి అడిగినట్టు. 'ఆఁఫాఁ' అనండి, రెండు చోట్లా చెల్లుతుంది.